దాచు

ఫోను మోగితే ఆ గదిలో అందరూ ఆమె వైపే చూస్తారు. ఆమె మౌసు వదిలి, గొంతు సవరించుకుని, రిసీవరు ఎత్తి, "నమస్కారమండీ, కోర్సు సైట్ల విభాగం" అంటుంది. ఆ కాస్త అనేసరికే చెవులు వేడెక్కుతాయి. ఎదురుగా మనిషి ఉంటే గోడకేసి చూస్తూ మాట్లాడే పిల్లని ఏరికోరి ఫోను దగ్గర కూర్చోబెట్టారని తుడుపన్నకి ఎప్పుడూ నవ్వే. చేరిన వారానికే ఆమెకి ఫోనమ్మాయి అని పేరు పెట్టింది అతనే. అతని పేరు ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ గుర్తులేదు. పాత సైట్లు తుడిచే పని చూసుకుంటాడు కాబట్టి తుడుపన్న అయ్యాడు.

ఆ సోమవారం ఫోను పెద్దగా మోగలేదు. గడువు శుక్రవారంతోనే అయిపోయింది. విశ్వవిద్యాలయం పాత కోర్సు సైట్లన్నీ మూసేసి కొత్త ఏర్పాటుకి మారుతోంది. ఉంచాల్సినవాటిని తెరిచి చూసి, కట్టగట్టి, భద్రపరిచే పెద్ద కంప్యూటరుకి పంపాలి. మిగిలినవి పోతాయి. ఆ సంగతి చెబుతూ పెద్దసారు అధ్యాపకులందరికీ ఒక ప్రకటన పంపారు. తమ తమ కోర్సుల విషయంలో గడువులోగా తగు చర్య తీసుకోగలరని అందులో ఉంది. తగు చర్య అంటే ఏమిటని అడగడానికి నెలంతా ఫోన్లు వచ్చాయి. "పక్కన బటన్లున్నాయి కదా, చూసి నొక్కమను" అని పెద్దసారు గదిలోంచే కేకేశారు. ఆమె చూసింది. ఈ ఏడే బటన్లన్నీ మన భాషలోకి మార్చారు. కోర్సు పేరు పక్కన చిన్న అక్షరాల్లో 'దాచు' అని ఉంది. అప్పట్నుంచి అడిగిన ప్రతివాళ్లకీ "కోర్సు మీకు కావాలంటే పక్కన దాచు అని ఉంటుంది, నొక్కండి" అని చెప్పింది. వాళ్లు కూడా "అంతేనా? ఇంత చిన్నదానికి ఎంత భయపడ్డామో" అని నవ్వి పెట్టేశారు.

"ఈసారి మన పని సులువైపోయిందే" అన్నాడు తుడుపన్న, కుర్చీలో వెనక్కి వాలి. అతని తెర మీద సైట్ల పేర్లు వరసగా ఉన్నాయి. కొన్ని పచ్చగా, కొన్ని బూడిదరంగులో. "ఇవి చూశావా, బూడిదవి? వీళ్లే వద్దనుకున్నారు. మనం తెరిచి చూడక్కర్లేదు. గురువారం సైట్లు నడిపే కంపెనీవాళ్లు ఒక్క నొక్కు నొక్కితే అన్నీ ఊడ్చుకుపోతాయి."

ఉంచాల్సిన పచ్చవి తెరిచి చూడటం ఆమె పని. పాఠాలు తెరుచుకుంటున్నాయా, బొమ్మలు కనబడుతున్నాయా చూసి, అంతా బాగుంటే పక్కన టిక్కు పెట్టాలి. ఆ పొద్దున ఆమె తెరిచినవాటిలో సగం ఖాళీవే. ఒకదాంట్లో 'స్వాగతం' అన్న మాట తప్ప ఇంకేం లేదు. ఇంకొకదాంట్లో ఎవరో 'ఇది ఊరికే చూద్దామని' అని రాసి వదిలేశారు. మరొకదాంట్లో తలకిందులుగా పెట్టిన ఒక కుర్చీ ఫొటో. అన్నిటికీ టిక్కులు పెట్టింది. అన్నీ భద్రంగా వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం పచ్చదనుకుని కింద వరసలో బూడిదదాన్ని నొక్కింది. పేజీ తెరుచుకుంది కానీ బొమ్మల్లేవు. ఒకదాని కింద ఒకటి పాఠాల పేర్లు, పక్కన వినడానికి గుర్తు. మొదటిదాన్ని నొక్కి, హడావిడిగా చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"అట్ట ముందు పెట్టుకున్నారా? తొందరేం లేదు, నేను ఆగుతాను" అంది ఒక ఆడగొంతు. నిజంగానే ఆగింది. ఎక్కడో తలుపు వేసిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు. "ఇప్పుడు కుడిచేతి చూపుడువేలితో దారం వెతకండి. దొరికిందా? దాని వెంట వెళ్లండి. వేలు ఎటూ తిరగకుండా పోతోంది కదూ? దాన్నే మనం సరళరేఖ అంటాం. కళ్లున్నవాళ్లు దాన్ని చూసి నమ్ముతారు. మీరు నడిచి తెలుసుకున్నారు. మీదే గట్టి జ్ఞానం."

ఫోనమ్మాయి చెయ్యి తనకి తెలీకుండానే బల్ల అంచు వెంట పోయింది. బళ్లో లెక్కల పీరియడ్ అంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల ఆమె. అంత మెల్లగా, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నట్టు లెక్కలు చెప్పేవాళ్లు ఉంటారని తెలీదు. రెండో పాఠం కూడా విని, హెడ్‌ఫోన్ తీసింది.

"అన్నా, ఇదెవరిది? చూపులేని పిల్లలకి లెక్కలట. మంచిగా ఉందన్నా. ఎందుకు వద్దనుకుంటారు?"

"వాళ్లదే కదా, వాళ్లిష్టం. మళ్లీ చెప్పుకోవడం బద్ధకమేమో" అన్నాడు తుడుపన్న, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నీకెందుకే? పచ్చవి చూడు."

సాయంత్రం ఇంట్లో పిన్ని గిన్నెలు తోముతోంది. ఆమె తుడిచి అరలో పెడుతోంది. ముందుగదిలో టీవీ రిమోటు కోసం బాబాయి చాపలు దులుపుతున్నాడు.

"ఆ మిగిలిన కూర దాచవే, పొద్దున బాబాయి డబ్బాలోకి పనికొస్తుంది" అంది పిన్ని.

"రిమోటు ఎక్కడ దాచావే, దొంగపిల్లా?" అని అదే నిమిషంలో ముందుగదిలోంచి బాబాయి కూతురి మీద అరిచాడు. చెల్లెలు కిలకిలా నవ్వింది.

కూర గిన్నె మీద మూత పెట్టబోయి ఆమె అలాగే నిలబడిపోయింది.

"పిన్నీ, దాచు అంటే ఏంటి?"

"దాచు అంటే దాచడమే. మూతపెట్టి లోపల పెట్టు. దానికి అర్థం కూడా చెప్పాలా నీకు, చదువుకున్నదానివి!"

ఆమె మూత పెట్టి, గిన్నె లోపల పెట్టింది.

మర్నాడు తుడుపన్న సంచి కూడా దించకముందే అతని బల్ల దగ్గర నిలబడింది. చెప్పాలనుకున్నదంతా దారిలో వరస పెట్టుకుంది. తీరా నోరు తెరిస్తే రెండు ముక్కలే వచ్చాయి. "అన్నా, దాచు అంటే మీ తెర మీద ఏం వస్తుంది?"

"దాచేంటి?" అతను ఎప్పుడూ ఇంగ్లీషు తెరే వాడతాడు. భాష మార్చి చూశాడు. కోర్సు పేరు పక్కన 'దాచు' అని వచ్చింది. మళ్లీ ఇంగ్లీషుకి మార్చాడు. అదే చోట గీత కొట్టిన కన్ను బొమ్మ. "ఇది కనబడకుండా చేసే బటను కదే. ఇది నొక్కితే బూడిదరంగులోకి…" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"దాచుకోవడం అనుకున్నారన్నా అందరూ. నేనూ అనుకున్నా. నేనే చెప్పా."

తుడుపన్న కాసేపు బూడిదరంగు వరసల్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపాడు. "అమ్మ బాబోయ్" అన్నాడు మెల్లగా. "అంటే అక్కర్లేదని ఊరుకున్నవాళ్లవి ఉంటున్నాయి. కావాలని నొక్కినవాళ్లవి పోతున్నాయి."

"వెనక్కి మార్చండన్నా."

"గడువయ్యాక బటన్లకి తాళం పడింది. కంపెనీ చేతిలో ఉంది ఇప్పుడు. పద, పెద్దసారుకి చెబుదాం. నువ్వే చెప్పాలి."

పెద్దసారు గదిలో ఆమె చెప్పలేదు. తుడుపన్నే చెప్పాడు. ఆమె పక్కన నిలబడి, బల్ల మీది గాజుపలక కింద ఉన్న పాత సెలవుల పట్టీని చూస్తూ ఉంది. పెద్దసారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు. ఎవరి పుట్టినరోజైనా గుర్తుపెట్టుకుని అందరికీ టీ చెప్పించే మనిషి.

"ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?"

"లేదు సార్."

"మరి? ఫిర్యాదు లేకుండా మనమే వెళ్లి, అయ్యా మీ కోర్సు పోతోందని అందరికీ చెబితే ఏమవుతుందో తెలుసా? రేపట్నుంచి ఈ గదిలో కూర్చోగలమా?"

భద్రంగా దాచామనుకున్నవాళ్లు ఎందుకు ఫిర్యాదు చేస్తారు సార్? ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఉండిపోయింది.

"దాచినవన్నీ యజమానుల కోరిక మీద తీసేస్తున్నట్టు ఆర్డరు వెళ్లిపోయింది" అన్నారు పెద్దసారు. "ఆపాలంటే ఆ కోర్సు ఎవరిదో వాళ్లే స్వయంగా కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలి. మధ్యవర్తులు పనికిరారు. రాతపూర్వకంగా అంటే నెల పడుతుంది." ఆమె వైపు చూసి గొంతు తగ్గించారు. "నీకంత బాధగా ఉంటే, నువ్వు విన్న ఆ ఒక్క మేడమ్‌కి చెప్పుకో తల్లీ. మిగతాది కెలక్కు."

ఆమె మిగతాది కూడా కెలికింది. భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు బూడిదరంగు వరసలోంచి కొందరికి ఫోన్లు చేసింది. కొందరు ఎత్తలేదు. ఒక ముసలి సారు ఎత్తారు. "నాదా? అబ్బే, నాకేం భయం లేదమ్మా. నేను మొదటిరోజే దాచేశా" అన్నారు. కాదు సార్, దాచు అంటే అని ఆమె మొదలుపెట్టేలోపు, "మా మనవడితో నొక్కించా. రెండుసార్లు నొక్కించా, ఎందుకైనా మంచిదని" అని నవ్వి పెట్టేశారు. మళ్లీ చేస్తే లైను దొరకలేదు.

లెక్కల మేడమ్ నంబరుకి చేస్తే వేరే గొంతు వచ్చింది, గలగలమంటూ.

"ఎవరూ? కోర్సు సైట్లా? ఓహో, నువ్వేనా అమ్మా! గొంతు గుర్తుపట్టా. నువ్వే కదూ దాచు నొక్కమన్నావు? నేను మేడమ్ చెల్లెల్ని. అప్పుడు మాట్లాడింది నేనే. నొక్కేశాం, ఆ రోజే నొక్కేశాం. అక్క నీకు థాంక్స్ చెప్పమంది కూడా, నేనే మర్చిపోయా."

ఫోనమ్మాయి రిసీవరుని రెండో చెవికి మార్చుకుంది. "హలో? ఉన్నావా?" అని చెల్లెలు అడిగింది. అప్పుడు చెప్పింది. తడబడుతూ, మొదలు చివరకీ చివర మొదలుకీ వచ్చేలా చెప్పింది. అటువైపు గలగలలు ఆగిపోయాయి. దూరంగా ఎవరో గుసగుసగా ఏదో అడిగినట్టు వినిపించింది. "ఆగక్కా, చెబుతా" అంది చెల్లెలు, గొంతు మారిపోయి.

బుధవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. మేడమ్ సన్నగా, పొడుగ్గా ఉంది. మెడకి పలచటి గుడ్డ చుట్టుకుంది. చెల్లెలు పొట్టిగా, చేతిలో పెద్ద గుడ్డసంచితో ముందు నడిచింది. మేడమ్ ఫోనమ్మాయిని చూసి చేతులు జోడించింది. పెదవులు కదిలాయి. గాలి తప్ప ఏమీ వినబడలేదు.

"నువ్వు చాలా చిన్నపిల్లవంటోంది" అంది చెల్లెలు. "గొంతు ఆపరేషనయ్యాక అక్కకి ఊపిరి తప్ప మాట రాదమ్మా. నేనే తన నోరు. చిన్నప్పుడల్లా నన్ను నోరు మూసుకోవే అనేది. ఇప్పుడు చూడు, మూసుకుంటే తనకే నష్టం." మేడమ్ ఆమె భుజం మీద చిన్నగా చరిచింది.

తుడుపన్న కుర్చీలు జరిపాడు. ఆ పాఠాలు ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఎక్కడున్నాయి నాయనా! సైట్లోనే రికార్డు చేసుకునే బటను ఉండేది కదా, దాన్ని నొక్కి నేరుగా అందులోకే చెప్పేది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. పిల్లలు వచ్చే విడత కూడా అవి విని చదువుకుంటారనే కదా తనని ఉద్యోగంలో ఉంచారు. అవి లేకపోతే ఆ కోర్సు ఎత్తేస్తారు. ఆ పిల్లలకి లెక్కలు చదవడానికి వేరే దారి లేదు, అదొక్కటే." చెల్లెలు ఆగకుండా చెబుతుంటే మేడమ్ నేలకేసి చూస్తూ కూర్చుంది. తన గురించి ఇంకొకరు చెబుతుంటే పక్కనే కూర్చుని వినాల్సిరావడం ఎలా ఉంటుందో ఫోనమ్మాయికి ఆ వంచిన తల చూస్తే తెలిసింది.

కంపెనీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టారు. చాలాసేపు పాట వచ్చింది. తర్వాత ఒక అబ్బాయి గొంతు, మర్యాదగా. "కోర్సు యజమాని మాట్లాడుతున్నారా అండీ? మీ పూర్తి పేరు చెప్పండి."

మేడమ్ ముందుకి వంగి చెప్పింది. మెడ నరాలు తేలాయి.

"హలో? వినబడట్లేదండీ. కొంచెం గట్టిగా చెప్పండి."

మళ్లీ చెప్పింది.

"హలో? లైన్లో ఉన్నారా?"

"బాబూ, నేను వాళ్ల చెల్లెల్ని" అని చెల్లెలు అందుకుంది. "అక్కకి మాట రాదు. నేను చెబుతా, రాసుకో."

"సారీ అండీ. యజమానే మాట్లాడాలి. మాకు రూలు. ఎవరు పడితే వాళ్లు చెబితే రేపు మా మీదికి వస్తుంది."

"ఎవరు పడితే వాళ్లా! ఒకే కడుపున పుట్టిందాన్ని—"

"సారీ అండీ." పెట్టేశాడు.

ఉన్నట్టుండి తుడుపన్న చిటికేశాడు. "ఆవిడ గొంతు మన దగ్గర ఉంది కదే!" అన్నాడు. ఫోనమ్మాయికి వెంటనే అర్థమైంది. మొదటి పాఠం కంటే ముందు పరిచయం ఉంది. అందులో మేడమ్ తన పూర్తి పేరు చెబుతుంది, కోర్సు పేరు చెబుతుంది. 'అవును' కావాలి. ఫోనమ్మాయి, తుడుపన్న, చెల్లెలు మూడు కంప్యూటర్ల దగ్గర కూర్చుని పాఠాల్లో 'అవును' కోసం వెతికారు. ఎక్కడో నాలుగువైపుల బొమ్మల పాఠంలో దొరికింది. "అవును, సరిగ్గా అదే" అని నవ్వుతూ అంటుంది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. మేడమ్ కూడా చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది, శబ్దం లేకుండా.

మళ్లీ పాట. మళ్లీ అదే అబ్బాయి. పూర్తి పేరు చెప్పమన్నాడు. ఫోనమ్మాయి పరిచయం నొక్కింది. గొంతు గదంతా నిండింది, నిండుగా, చల్లగా. కోర్సు పేరు అడిగాడు. చెప్పింది. "ఈ కోర్సు తీసేయకుండా ఉంచాలంటారు, అంతేనా?"

"అవును, సరిగ్గా అదే."

"సరేనండీ, రాసుకుంటున్నా. మరి ముందు ఎందుకు దాచారు? కారణం చెప్పాలి."

తుడుపన్న ఫోనమ్మాయిని చూశాడు. ఆమె మేడమ్‌ని చూసింది. ఆ కంగారులో ఆపాల్సినదాన్ని ఆపలేదు. పాఠం ముందుకి నడిచింది. "ఇప్పుడు నాలుగో మూలకి వచ్చారు. వేలు నొప్పి పుడితే విదిలించుకోండి, పర్వాలేదు" అంది గొంతు.

"ఏంటండీ?" అన్నాడు అబ్బాయి. ఇంకాస్త విని, "ఇది రికార్డింగా?" అన్నాడు. మర్యాద అలాగే ఉంది. "రికార్డింగులు ఒప్పుకోమండీ. ఇంకోసారి ఇలా చేస్తే నేను రిపోర్టు పెట్టాల్సొస్తుంది."

పెట్టేశాక కూడా మేడమ్ గొంతు వేలు విదిలించుకోమని చెబుతూనే ఉంది. ఫోనమ్మాయి ఆపేసింది.

అప్పుడు పెద్దసారు గదిలోంచి బయటికి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. అక్కచెల్లెళ్లకి నమస్కారం పెట్టి, ఫోనమ్మాయి వైపు తిరిగారు. "ఇదిగో, మన పిల్ల చెప్పిన పాయింటు పైవాళ్లకి చాలా నచ్చింది. కొత్త ఏర్పాటులో 'దాచు' తీసేసి 'కనబడకుండా చేయి' అని పెట్టిస్తున్నారు. సలహా నీదేనని రాశాను. ఏమంటావ్?" వీపు తట్టారు. "ఇక ముందు ఎవరికీ ఇలా జరగదు."

"ఇప్పటివి సార్?" అంది ఆమె. గొంతు పూర్తిగా బయటికి రాలేదు. సార్‌కి వినబడలేదు.

మిగిలింది ఒక్కటే. సైట్లోంచి పాఠాలు దించుకోవడానికి కుదరదు, కానీ పక్కన సెల్‌ఫోను పెట్టి వినిపిస్తే రికార్డవుతుంది. తుడుపన్న ఒక ల్యాప్‌టాపు, తన ఫోను తీసుకుని మెట్ల కింద సామాన్ల గదిలోకి వెళ్లాడు. చెల్లెలు ఇంకో ల్యాప్‌టాపు, తన ఫోను తీసుకుని నడవా చివరికి వెళ్లింది. ఫోనమ్మాయి తన బల్ల దగ్గర, మేడమ్ పక్కన. ఏళ్ల తరబడి చెప్పిన పాఠాలు. ఎంత పరిగెత్తినా పాఠం అది నడిచే వేగంతోనే నడుస్తుంది. గురువారం సాయంత్రంలోగా అన్నీ అవవని ఒకటి అయ్యేలోపే తెలిసిపోయింది. ఏవి కావాలో మీరే చెప్పండి మేడమ్ అంటే, ఆవిడ తెర మీద పేర్ల వరసని చాలాసేపు చూసింది. పిల్లలలో ఎవరిని లోపలికి రమ్మనాలో ఎవరిని గుమ్మంలో వదిలేయాలో అడిగినట్టుంది ఆ చూపు. తర్వాత కాగితం మీద రాసింది: 'కూడికలు, భిన్నాలు వదిలెయ్. అవి ఎవరైనా చెబుతారు. బొమ్మలున్నవి తీసుకో.'

గురువారం కూడా అదే పని. మధ్యమధ్యలో బల్ల మీద ఫోను మోగింది. ఎత్తకపోతే పెద్దసారు వస్తారు. ఎత్తితే ఆమె మాట పాఠంలో పడుతుంది. మొదటిసారి ఎత్తింది. "నమస్కారమండీ, కోర్సు సైట్ల విభాగం" అన్న మాట కోణాల పాఠం మధ్యలో రికార్డయింది. ఎక్కడో ఒక చూపులేని పిల్లవాడు అట్ట మీద వేలు పెట్టుకుని తన మాట వింటాడని తలుచుకుంటే ఆమెకి సిగ్గుతో చచ్చినంత పనైంది. రెండోసారి మోగినప్పుడు రిసీవరు తీసి పక్కన పెట్టేసింది.

మేడమ్ సంచిలోంచి అట్టలు తీసి బల్ల మీద పరిచింది. ఒక్కో దాని మీద ముతక దారంతో కుట్టిన బొమ్మ. తన చేత్తో కుట్టినవి. పిల్లలందరికీ పోస్టులో పంపేదట. పాఠం వింటున్నప్పుడు మేడమ్ కళ్లు మూసుకుని ఆ దారం మీద వేలు నడిపేది, గొంతు చెప్పినట్టే, గొంతు చెప్పినచోటల్లా ఆగుతూ. ఫోనమ్మాయి కూడా ఇంకో అట్ట ముందు పెట్టుకుని అలాగే చేసింది. లెక్కలు అర్థమవుతున్నాయి. ఈ రెండు రోజుల్లో అర్థమైనంత ఇన్నేళ్లలో అర్థమవలేదు. అది సంతోషమో బాధో ఆమెకి తెలియలేదు.

సాయంత్రమైంది. తుడుపన్న పైకి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. కంపెనీ నుంచి మొదలుపెట్టామని కబురు వచ్చిందని అతని ముఖమే చెప్పింది. అతని తెర మీద బూడిదరంగు వరసలు పైనుంచి ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ముసలి సారుది పోయింది. చెల్లెలు నడవాలోంచి పరిగెత్తుకొచ్చి, "నాది మధ్యలో ఆగిపోయిందమ్మా, నేనేం చెయ్యలేదు, ముట్టుకోలేదు" అంది.

ఫోనమ్మాయి బల్ల మీద మాత్రం గొంతు ఇంకా నడుస్తోంది. పాఠం త్రిభుజం గురించి.

"ఒక అంచు మధ్య నుంచి బయలుదేరండి. అంచు వెంటే నడవండి. మూల వచ్చిందా? అక్కడ మీ వేలు తిరగాలి. ఎంత తిరిగిందో గుర్తుపెట్టుకోండి. మళ్లీ నడవండి."

రెండు వేళ్లు రెండు అట్టల మీద నడిచాయి.

"రెండో మూల. తిరగండి. నడవండి. మూడో మూల. తిరగండి. నడవండి. ఇప్పుడు చూడండి, మీరు బయలుదేరిన చోటికే వచ్చారు. కదలలేదని అనుకుంటున్నారు కదూ? కానీ—"

ఆగిపోయింది.

తెర తెల్లబడింది. మధ్యలో ఒక వాక్యం: 'మీరు కోరిన పేజీ లేదు.'

మేడమ్ వేలు మూడో మూల దాటి, బయలుదేరిన చోట ఆగి ఉంది. కళ్లు మూసుకునే ఉంది. ఆ 'కానీ' తర్వాత నిజంగానే గొంతు కాసేపు ఆగేదేమో, ఆవిడ దానికోసమే ఎదురుచూస్తున్నట్టుంది. చెల్లెలు "అక్కా" అనబోయింది. తుడుపన్న ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

కళ్లు తెరిచి తెర వైపు చూసింది మేడమ్. తర్వాత బల్ల మీద ఉన్న ఫోనమ్మాయి సెల్‌ఫోను వైపు. అది ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆవిడ నెమ్మదిగా దాని మీదికి వంగింది. పెదవులు కదిలాయి. ఫ్యాను చప్పుడులో ఆ ఊపిరి పక్కనున్న ఫోనమ్మాయికే అందలేదు.

ఆమె లేచి వెళ్లి ఫ్యాను ఆపింది. కిటికీ తలుపు మూసింది. తుడుపన్న కంప్యూటరు కూడా గుయ్యిమంటోందని దాన్నీ ఆపేసింది. గదిలో ఉక్క పోసింది.

"ఫ్యాను ఎవరాపారు? ఫోను ఎందుకు పక్కన పెట్టారు?" పెద్దసారు తన గది తలుపు తెరిచారు. "పైనుంచి ఎంతసేపటి నుంచి చేస్తున్నారో తెలుసా? ఎవరది—"

ఫోనమ్మాయి వెనక్కి తిరిగి, ఆయన ముఖంలోకి సూటిగా చూసి, పెదవుల మీద వేలు పెట్టింది.

పెద్దసారు గుమ్మంలోనే ఆగిపోయారు.

ఆమె తిరిగి వచ్చి, సెల్‌ఫోను తీసి మేడమ్ పెదవులకి దగ్గరగా పట్టుకుంది. మేడమ్ తన వేలు ఆ చోటునుంచి తియ్యలేదు. ఊపిరి పీల్చుకుంది. మెడ నరాలు మళ్లీ తేలాయి.

"కానీ," అంది ఊపిరితో, "మీరు ఒక పూర్తి చుట్టు తిరిగారు."

వేలు విదిలించుకుని, తర్వాతి మాట కోసం మళ్లీ ఊపిరి పీల్చుకుంది.